మీటరు 12 వోల్టులు చూపిస్తున్నా పర్జ్ వాల్వు ఎందుకు పనిచేయదు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో అజిత్‌సింగ్ నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచిపోయాయి. వాటి ఇంజిన్లు, బ్రేకులు, సీట్లు కొద్ది నెలల్లోనే బాగుపడ్డాయి. వైరింగ్ సంగతి అంత త్వరగా తేలదు. టేపు చుట్టిన అతుకుల్లో బురదనీటి తడి చేరితే రాగికి చిలుము పట్టి, నెలలు గడిచేకొద్దీ అది తీగ పొడవునా లోపలికి పాకుతుంది. ఆటోనగర్‌లో కార్ల ఎలక్ట్రికల్ పని చేసే నా దగ్గరకు అలాంటి బండ్లు వస్తూనే ఉన్నాయి.

వాటిలో ఒకటి సింగ్ నగర్‌కు చెందిన ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడి పెట్రోలు కారు. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్‌లో పి0443 కోడ్ (పెట్రోలు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వు విద్యుత్ మార్గంలో లోపం) వచ్చిందనీ, మరొక షెడ్డులో పర్జ్ వాల్వు మార్పించుకున్నాననీ, కొన్నాళ్లకే లైటు మళ్లీ వెలిగిందనీ ఆయన చెప్పారు. "కొత్త వాల్వు వేశాక కూడా అదే కోడ్ ఎలా వస్తుందండీ?" అని అడిగారు. ఆ ప్రశ్నకు సరైన జవాబు ఇవ్వాలంటే ఆ కోడ్‌ను ఈసీఎం, అంటే ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్, ఏ ఆధారంతో నమోదు చేస్తుందో ముందుగా తెలియాలి.

ట్యాంకులో ఎండకు లేచే పెట్రోలు ఆవిరి బయటి గాలిలో కలవకుండా, ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు నింపిన కానిస్టర్ దాన్ని పట్టి ఉంచుతుంది. ఇంజిన్ వేడెక్కి నడుస్తున్నప్పుడు ఈసీఎం పర్జ్ వాల్వును తెరుస్తూ మూస్తూ ఆ ఆవిరిని ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి వదిలి, సిలిండర్లలో మండిపోయేలా చేస్తుంది. వాల్వుకు ఉండేవి రెండే వైర్లు. చాలా కార్లలో ఒకదానికి ఫ్యూజ్, రిలే మీదుగా 12 వోల్టులు అందుతాయి. రెండోదాన్ని ఈసీఎం సెకనుకు అనేకసార్లు ఎర్త్‌కు కలిపి వదిలిపెడుతుంది. వదిలినప్పుడు ఆ రెండో వైరు మీద బ్యాటరీ వోల్టేజీ కనిపించాలి, కలిపినప్పుడు అది దాదాపు సున్నాకు దిగాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా ఈసీఎం కోడ్ నమోదు చేస్తుంది. అంటే దానికి కనిపించేది విద్యుత్ మార్గం ఒక్కటే. ఆ మార్గంలో వాల్వు కాయిల్ (కరెంటు పారితే వాల్వును తెరిచే తీగచుట్ట) ఒక భాగం మాత్రమే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అమెరికా కార్లలో ఆవిరి లీకులను కూడా కనిపెట్టే ఏర్పాటు తప్పనిసరి కనుక, అక్కడి వీడియోల్లో పెట్రోలు ట్యాంకు మూత మార్చడం, పొగ పంపి లీకు వెతకడం ఎక్కువగా చూపిస్తారు. మన భారత్ స్టేజ్ నిబంధనలు యూరప్ బాటలో వచ్చాయి. యూరప్ నిబంధనల్లో పర్జ్ వాల్వుకు వెళ్లే విద్యుత్ మార్గం తెగకుండా ఉందో లేదో గమనించడం కనీస షరతు. పి0443 వచ్చినప్పుడు పొగ మిషను పనిలేని ఖర్చు.

మాస్టారి కారులో కాయిల్ నిరోధం 25 ఓమ్‌ల దగ్గర, సరిగ్గానే ఉంది. ఇగ్నిషన్ వేసి, వాల్వు నుంచి ఊడదీసిన కప్లర్‌లో (వైర్లను వాల్వుకు కలిపే ప్లగ్గులో) 12 వోల్టులు అందే సప్లై పిన్ను దగ్గర మల్టీమీటర్ పెడితే 12 వోల్టులకు పైగానే చూపించింది. చాలామంది ఇక్కడే ఆగిపోయి, సప్లై బాగుంది కనుక వాల్వుదో ఈసీఎందో లోపమని తేల్చేస్తారు. ఆ తీర్మానం ఎందుకు తప్పో చిన్న లెక్కతో తెలుస్తుంది. డిజిటల్ మీటరు లోపలి నిరోధం సాధారణంగా 10 మెగాఓమ్‌లు. అది తీసుకునే కరెంటు దాదాపు ఏమీ లేదు కనుక, దారిలో చిలుము పట్టిన అతుకు 50 ఓమ్‌లు అడ్డం పెట్టినా మీటరు మీద తేడా కనిపించదు. కుళాయి తిప్పనంతసేపు పూడుకుపోయిన పైపులో కూడా నీటి ఒత్తిడి నిండుగానే ఉంటుంది. అదే వాల్వు పనిచేయాలంటే 12 వోల్టులను 25 ఓమ్‌లతో భాగిస్తే వచ్చే సుమారు అర ఆంపియరు పారాలి. దారిలో మరో 50 ఓమ్‌లు చేరితే మొత్తం 75 అవుతుంది, కరెంటు 0.16 ఆంపియరుకు పడిపోతుంది, వాల్వు కొసల మధ్య మిగిలేది 4 వోల్టులే. అతుకు పూర్తిగా విడిపోయిన క్షణాల్లో కోడ్ పడుతుంది. మిగతా సమయంలో వాల్వు సరిగా తెరుచుకోకపోయినా చాలాసార్లు ఈసీఎం దాన్ని పసిగట్టదు. కొత్త వాల్వు వేసిన తరువాత కొన్నాళ్లు లైటు వెలగకపోవడానికి కారణం ఇదే.

అందువల్ల సప్లైని లోడ్ పెట్టి, అంటే నిజంగా కరెంటు లాగేదాన్ని తగిలించి చూడాలి. నేను వాడేది 5 వాట్ల బల్బు. అది 12 వోల్టుల దగ్గర సుమారు 0.4 ఆంపియరు తీసుకుంటుంది, అంటే వాల్వు తీసుకునేంత. ఇండికేటర్లలో వాడే 21 వాట్ల బల్బు 1.75 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని ఈసీఎం ఎర్త్‌కు కలిపే ఆ రెండో వైరుకు తగిలిస్తే ఈసీఎం లోపల ఆ పని చేసే సర్క్యూట్ దెబ్బతినవచ్చు, కాబట్టి ఈ పనికి దాన్ని ఎన్నడూ వాడకూడదు. సప్లై పిన్నుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య 5 వాట్ల బల్బు పెడితే మాస్టారి కారులో ఫిలమెంటు ఎర్రగా మాత్రం కాలింది. అదే ఫ్యూజ్ నుంచి కరెంటు తీసుకునే మిగతా భాగాల మీద కోడ్‌లేవీ లేవు కనుక ఫ్యూజ్, రిలే బాగున్నట్లే. లోపం వాల్వుకు వెళ్లే వైరు వాటి నుంచి వేరే పాయగా చీలిన తరువాతి భాగంలోనే ఉండాలి. బల్బు వెలుగుతుండగా వైరింగ్‌ను కొంచెం కొంచెంగా కదుపుతూ పోతే, ఎడమ ఫెండర్ అడుగున, నీళ్లు నిలవడానికి అనువైన వంపులో చెయ్యి పడగానే బల్బు మినుకుమినుకుమంది. టేపు విప్పితే అతుకు పచ్చగా, ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయేలా ఉంది.

ఈ వెతుకులాటలో రెండు పనులు చేయకూడదని మా షెడ్డులో కుర్రాళ్లకు గట్టిగా చెబుతాను. వైరు తొడుగును సూదితో పొడవకూడదు; కృష్ణ ఒడ్డున ఉన్న ఈ ఊరి తేమకు ఆ రంధ్రమే రేపటి చిలుముకు దారి. కప్లర్‌లోని ఆడ పిన్నులోకి లావు ప్రోబు దోపకూడదు; పిన్ను వెడల్పయి పట్టు వదులై, లేని జబ్బు మనమే తెచ్చిపెట్టినట్లవుతుంది.

కారు బాగానే నడుస్తోంది కదా, ఈ లైటును పట్టించుకోవాలా అని కొందరు అడుగుతారు. తప్పకుండా పట్టించుకోవాలి. పర్జ్ జరగకపోతే కానిస్టర్ నిండిపోయి, మన మే నెల ఎండల్లో ఆవిరి నేరుగా మనం పీల్చే గాలిలోకి పోతుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం చేసే పరీక్ష పొగగొట్టం నుంచి వచ్చేదాన్నే కొలుస్తుంది కనుక అందులో ఇది బయటపడదు. పైగా ఎప్పుడూ వెలుగుతూనే ఉండే లైటు, రేపు మరో లోపం వచ్చినా కొత్తగా చెప్పగలిగేది దాదాపు ఏమీ ఉండదు.

మాస్టారి కారులో తీగను రెండు వైపులా మెరిసే రాగి కనిపించేవరకు కత్తిరించి, మధ్యలో అదే మందం కొత్త వైరు ముక్క వేసి క్రింప్ చేసి (నొక్కి బిగించి), లోపల జిగురుండి వేడికి బిగుసుకునే హీట్‌ష్రింక్ గొట్టం తొడిగి, ఆ వంపు నుంచి పైకి జరిపి కట్టాము. తరువాత 5 వాట్ల బల్బు తెల్లగా వెలిగింది. బల్బు వెలుగుతుండగా బ్యాటరీ పాజిటివ్‌కూ సప్లై పిన్నుకూ మధ్య కొలిస్తే దారిలో పోతున్నది అర వోల్టు కూడా లేదు. ఆఖరున బల్బును కప్లర్‌లోని రెండు పిన్నుల మధ్య పెట్టి ఇంజిన్‌ను వేడెక్కనిస్తే, ఈసీఎం ఆదేశం ప్రకారం అది మినుకుతూ కనిపించింది. అప్పుడు వాల్వు తగిలించి కోడ్ చెరిపాము.