పడమటి గది టైటిల్ కార్డు: తలకట్ల దాకా వచ్చింది

మా తిరుపతి బ్యాచ్ తీస్తున్న దెయ్యం షార్ట్‌ఫిల్మ్ 'పడమటి గది' షూటింగ్ చంద్రగిరి దగ్గర ఒక పాత మిద్దెలో అయిపోయింది. ఎడిటింగ్ కూడా ఒక కొలిక్కి వస్తా ఉంది. టైటిల్స్ పని నేనే అడిగి మరీ నెత్తికెత్తుకున్నా. ఇప్పటిదాకా ఏమైందో రాసి పెట్టుకుంటున్నా.

ముందు రంగు సంగతి. నాకు తెలిసిన డీటీపీ షాపులో సినిమా పేరు చెప్పీ చెప్పకముందే ఆపరేటర్ తమ్ముడు నలుపు మీద ఎర్రక్షరాలు కొట్టి, కింద బొట్లు వేలాడదీసి చూపించాడు. "దెయ్యం సినిమా అంటే నెత్తురు కారాల గదన్నా!" పోస్టర్‌కైతే కారనీ. వీడియోలో ఎరుపుతో చిక్కుంది. హెచ్‌డీ వీడియోకి వాడే రెక్ 709 లెక్క ప్రకారం వెలుగులో ఎరుపు వాటా 21 శాతం చిల్లర మాత్రమే, ఆకుపచ్చదే 71 పైన. దానికి తోడు మనం అప్‌లోడ్ చేసే మామూలు ఫైళ్లు 4:2:0 పద్ధతిలో ఉంటాయి. అంటే వెలుగు ప్రతి పిక్సెల్‌కీ విడిగా నమోదవుతుంది గానీ రంగు నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక్కటే. తెల్లక్షరం వెలుగు మీదే నిలబడుతుంది కాబట్టి దానికి ఢోకా లేదు. నలుపు మీద చిక్కటి ఎరుపుకి మాత్రం అంచులు మెట్లు మెట్లుగా తేలతాయి. ఫోన్‌లో చూస్తే 'కథ' కార్డులో థ పొట్టలోని చుక్క కరిగిపోయి 'కధ' అయి కూర్చుంది. చుక్క పోయాక మిగిలేది నవ్వే, భయం కాదు. ఎరుపు అక్కడితో సరి.

నాకు బాగా నచ్చిన పద్ధతి 1979 నాటి హాలీవుడ్ సినిమా 'ఏలియన్'ది. రిచర్డ్ గ్రీన్‌బర్గ్ చేసిన ఆ టైటిల్‌లో అక్షరం మొత్తంగా రాదు. ఒక గీత, ఇంకాసేపటికి ఇంకో గీత. అది పేరని తెలిసేసరికి మనం కుర్చీ అంచుకొచ్చి ఉంటాం. అక్షరాలు మామూలువే, ఆలస్యమే భయపెడుతుంది. ఆ పేరులోని ఇంగ్లిష్ పెద్దక్షరాలన్నీ నిలువు, అడ్డ, ఏటవాలు గీతలే కాబట్టి ముక్కలు చేస్తే ముక్క ఆనవాలు చిక్కదు. మన గుండ్రటి అక్షరాలను అట్లా కోస్తే సగం సున్నాలు, పావు సున్నాలు మిగుల్తాయి. కోయాల్సిన చోటు వేరే ఉంది. పడమటి గది అని రాసి చూడండి. ప, డ, మ, గ నాలుగింటికీ తలకట్టు ఉంది. టి, ది రెండింటికీ గుడి. ఒళ్లంతా దాచేసి తలకట్లు మాత్రం ఉంచితే నల్లటి తెర మీద పక్కపక్కన మూడు, దూరంగా ఒకటి, తలుపు మీద గోటితో గీరినట్టు కనిపిస్తాయి. చూసేవాడికి అవి అక్షరాలని అనుమానం కూడా రాదు. ఆ తర్వాత గుడులు. ఆఖర్న ఒళ్లు.

దీన్ని కంప్యూటర్‌లో చేస్తే మరీ నునుపుగా ఉంటుంది. 1982 నాటి 'ద థింగ్' సినిమా టైటిల్‌కి పీటర్ కురన్ పొగ నింపిన చేపల తొట్టికి ప్లాస్టిక్ చెత్త సంచి కప్పి, వెనక లైటు పెట్టి, ఆ సంచికి నిప్పంటించాడు. ఇంట్లో నిప్పు పెట్టే ధైర్యం నాకు లేదు, పెట్టినా అమ్మ ఊరుకోదు. బీరువాలో నాన్న మోకాలి ఎక్స్‌రేలు ఉన్నాయి, వాటినే తీసినా.

చేసేవాళ్లకు పనికొస్తుందని వివరంగా చెప్తా. మండలి ఫాంట్‌లో పేరు ప్రింట్ తీసి ఫిల్ము మీద పరిచి, రీఫిల్ అయిపోయిన పెన్నుతో గట్టిగా దిద్దితే గాడి పడుతుంది. ఆ గాడి వెంట గోనెసంచులు కుట్టే దబ్బనంతో గీకాలి. పాతకాలం ఎక్స్‌రే ఫిల్ముకి సాధారణంగా రెండు వైపులా పూత ఉంటుంది. ఒక వైపే గీకితే మసక బూడిద రంగు వస్తుంది. తిప్పి అదే గీత వెంట రెండో వైపూ గీకితేనే వెలుతురు దూరుతుంది. ఫిల్ము సహజంగానే లేత నీలం కాబట్టి అక్షరం చలి పట్టినట్టు వస్తుంది, విడిగా రంగు వేయక్కర్లేదు. కింద లైటుకి ట్యాబ్‌లో తెల్లతెర పెట్టినా. నేరుగా ఆనిస్తే దాని పిక్సెళ్లు కెమెరాలో గళ్లు గళ్లుగా పడతాయి, అందుకని రెండంగుళాల ఎత్తులో గాజుపలక, దాని మీద బటర్ పేపర్, ఆపైన ఫిల్ము.

ఒకే పేరు మూడు ఫిల్ముల మీద గీకినా. ఫైళ్లకు వాడే రెండు కన్నాల పంచ్‌తో అన్నింటికీ కన్నాలు కొట్టి, గాజుపలక అంచుకి రెండు మొలలు అతికిస్తే ఏ ఫిల్ము పెట్టినా అదే చోట కూర్చుంటుంది. తలకట్లు గీకి మూడింటికీ ఫొటోలు, గుడులు గీకి మళ్లీ ఫొటోలు, ఒళ్లు గీకి మళ్లీ. సెకనుకి 24 ఫ్రేముల్లో ఒక్కో ఫొటో రెండేసి ఫ్రేములు ఉండేట్టు మూడింటినీ తిప్పుతుంటే గీతలు సన్నగా వణుకుతాయి. తలకట్లు ఒంటరిగా 48 ఫ్రేములు. గడియ పడిన శబ్దంతో ఒళ్లు ఒక్కసారిగా. వెనకాల అక్కడక్కడా మోకాలి చిప్ప నీడ కనబడుతుంది, అది బోనస్.

పేర్ల కార్డులకు ఇంత శ్రమ అక్కర్లేదనుకుని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరం వెంట అక్షరం వచ్చే రెడీమేడ్ ఎఫెక్ట్ పెడితే 'దర్శకత్వం' దగ్గర తన్నింది. మనకు 'త్వ' ఒకటే అక్షరం, దాని లోపల మాత్రం త, పొల్లు, వ అని మూడు కోడ్లు. తెర మీద ముందు త, తర్వాత త్, ఆపైన త్వ అని మారుతుంది. కాబట్టి ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసి, కంట్రోల్ షిఫ్ట్ సీతో ఔట్‌లైన్‌గా మార్చి, ఒక్కో అక్షరాన్ని వత్తుతో సహా విడి పీఎన్‌జీ బొమ్మగా ఎగుమతి చేసి పేర్చినా. చాకిరీనే, కానీ ఏ వత్తు ఎప్పుడు రావాలో నా చేతిలో ఉంటుంది.

పేర్ల వరుస మీద మా డైరెక్టరన్నకీ నాకూ ఇంకా తెగలేదు. దెయ్యం వేషం వేసిన అమ్మాయి పేరు మొదట పడాలంటాడాయన. మనవాళ్లు టైటిల్స్‌లో ఎవరి పేరు ఎక్కడ పడిందో చూసే కథ ఊహించేస్తారు. 1960లో 'సైకో' సినిమా టైటిల్స్‌లో నటి జానెట్ లీ పేరును నటుల జాబితా చివర 'మరియు' అంటూ పాత్ర పేరుతో సహా వేశారు. అంత మర్యాద చేసిన మనిషిని సగంలోనే చంపేస్తారని ఎవరనుకుంటారు? మా అమ్మాయి పేరు కూడా అట్లా చివర్న వేద్దామని నా పట్టు. "ఆ పిల్ల ఇంట్లోవాళ్లకు నువ్వే చెప్పుకో పో" అన్నాడు. బీడీ షాట్ తీసేయించాడు కాబట్టి కింద హెచ్చరిక వేసే పని తప్పింది, అంతవరకూ సంతోషం.

మిగిలింది చివర్న పేర్లన్నీ పైకి జరుగుతూ పోయే రోల్. 1080 పిక్సెళ్ల ఎత్తులో ఫ్రేముకి సరిగ్గా 3 పిక్సెళ్లు జరిపితే ఒక లైను కింది నుంచి పైకి 15 సెకన్లలో పోతుంది. రెండున్నర లాంటి భిన్నం పెడితే సన్నటి గీతలు మిణుకుమంటాయి. మిద్దె ఇచ్చినాయన తన అన్నదమ్ముల పేర్లన్నీ వేయమని నిన్న ఇంకో కాగితం పంపినాడు. అవన్నీ ఎక్కించాక ఫ్రేముకి 4 చేయాల్సి వస్తుందేమో చూడాలి.