తెల్లమ్మ పాట ఎత్తుకున్న పొద్దు

మా పెంపుడు పిట్ట బుడ్డోడి తల వెనక ఈకలు ఊడి, గులాబీ రంగు చర్మం బయటపడింది. పేలు పట్టాయనుకున్నాను. కాదంటే ఈకలు మార్చుకునే కాలమేమో అనుకున్నాను. పంజరం కడిగి ఎండబెట్టాను, గింజలు మార్చాను. వారం తిరిగేసరికి ఆ బోడి మచ్చ ఇంకాస్త పెద్దదైంది. ఈకలు మార్చుకునే పిట్టకు ఒంటి నిండా అక్కడొకటీ ఇక్కడొకటీ రాలతాయిగానీ ఒకేచోట గుండు పడదు. అసలు పిట్ట ముక్కు దాని తల వెనక్కి ఎలా అందుతుంది? అక్కడ పీకింది ఇంకెవరో. ఈ చిన్న సంగతి నా బుర్రకెక్కడానికి పదిరోజులు పట్టింది.

మా ఇంటికి మొదట వచ్చింది జీబ్రా ఫించ్‌లనే చిన్న పంజరం పిట్టల జత ఒక్కటే, పెద్దోడూ బుజ్జీ. మగదానికి చెంపల మీద నారింజ మచ్చలు, రొమ్ము మీద సన్నని నల్ల చారలు, పక్కల్లో తెల్ల చుక్కలు. ఆడది సాదాసీదా బూడిద రంగు, ముక్కు కూడా అంత ఎర్రగా ఉండదు. ఆ రెండిటితో ఏ బాధా లేదు. ఇంకో జత ఉంటే సందడిగా ఉంటుందని రెండు పిల్లల్ని తెచ్చాను, ఒకటి బూడిద రంగుది, ఒకటి నిలువెల్లా తెల్లది. రెండిటి ముక్కులూ ఇంకా నల్లగానే ఉన్నాయి. అంటే రెండు నెలలు కూడా నిండని పిల్లలన్నమాట. ఆ వయసులో మగా ఆడా తేల్చడం కష్టం. ఇచ్చినాయన "జతేనండీ" అన్నాడు, నేను తలూపాను.

నెల తిరక్కుండానే బూడిదదానికి చెంపలు పండాయి. సరే, వాడు బుడ్డోడు. తెల్లదానికి మచ్చలేవీ రాలేదు కాబట్టి ఆడదని నేనే తీర్పు చెప్పేసి తెల్లమ్మ అని పేరు కూడా పెట్టాను. తెల్ల జీబ్రా ఫించ్‌లలో మగవాటికీ ఆ మచ్చలు ఉండవని అప్పటికి తెలీదు. ముక్కు ఎరుపు చూడాలి, లేదా పాట కోసం ఆగాలి. ఈ జాతిలో పాడేది మగదే. ఒక పొద్దున తెల్లమ్మ మెడ సాచి, ఒళ్ళు పొంగించి పాట ఎత్తుకుంది. దాంతో తెల్లమ్మ కాస్తా తెల్లోడైపోయాడు. ఒక ఆడపిట్టకు ముగ్గురు మగాళ్ళు!

పైగా నేను అతి తెలివితో రెండు అల్లిక గూళ్ళు కట్టాను, ఒకటి పై మూలన, ఇంకోటి చాలా కిందుగా. కిందిదాని మొహం ఎవరూ చూడలేదు. పైదాని గుమ్మంలో పెద్దోడు కాపలా కూర్చున్నాడు.

ఒక ఆదివారం గదిలో ఓ మూలకు కుర్చీ లాక్కుని గంటసేపు కదలకుండా చూశాను. దగ్గరికెళ్తే అవి మనల్ని చూసి బుద్ధిమంతుల్లా ఉంటాయి. పిట్టలన్నాక కర్ర మీద చోటు కోసం తోసుకుంటాయి, ముక్కూ ముక్కూ తాకించుకుంటాయి. ఒకటి పక్కకు జరిగితే రెండోది ఊరుకుంటుంది. దానికి కంగారు అక్కర్లేదు. పెద్దోడు ఊరుకోవడం లేదు. బుడ్డోడు ఇంకో కర్రకు పోతే అక్కడికి, అడుగు జాలీ మీదికి దిగితే అక్కడికీ వెంటపడ్డాడు. తోక పట్టి లాగాడు, వీపెక్కి తల వెనక పీకాడు. తిండి గిన్నె ఉన్నది ఒక్కటి, అదీ పెద్దోడి గూటికి ఎదురుగా. ఆ గంటలో బుడ్డోడు గిన్నె దగ్గరికి ఏడుసార్లు వెళ్ళాడు, తిన్నది రెండుసార్లు. తెల్లోడు లౌక్యుడు, ముందే తప్పుకునేవాడు. బుడ్డోడికి ఆ తెలివి లేదు. తన్నులు తిన్న మరునిమిషం బుజ్జి పక్కన చేరి మళ్ళీ పాడేవాడు.

దెబ్బలు తినేవాణ్ణి తప్పించడమే న్యాయమనిపించి బుడ్డోణ్ణి చిన్న పంజరంలోకి మార్చాను. కొత్త ఈకల మొలకలు కనబడగానే తిరిగి వదిలాను. నేను చేసిన పనుల్లో అన్నిటికంటే చెడ్డది ఇదే. వాడు లేని ఆ రోజుల్లో పంజరమంతా పెద్దోడి సొంతమైపోయింది, బుడ్డోడు చొరబడిన పరాయివాడయ్యాడు. పావుగంటలో నెత్తురు కారింది. లేత ఈక విరిగితే కారే నెత్తురది. కాస్త కార్న్‌ఫ్లోర్ అద్ది మెల్లగా నొక్కిపట్టి, వెచ్చగా, కాస్త చీకటిగా ఉన్నచోట గింజలు పక్కనే పెట్టి ఉంచాను. 12 గ్రాముల పిట్ట ఒక్కరోజు తినకపోతే ప్రాణం మీదికొస్తుంది, ఆ రాత్రి నేను సరిగ్గా నిద్రపోలేదు.

ఈసారి కొట్టేవాణ్ణి తీశాను. రెండు వారాలు పెద్దోడు వేరే గదిలో ఉన్నాడు. ఈలోగా గూళ్ళు రెండూ తీసేశాను, గడ్డిపోచ కూడా మిగల్చలేదు. కర్రల చోట్లు మార్చాను. చెరో కొసన తిండి, నీళ్ళు పెట్టి, మధ్యలో ఆకుల తెర కట్టాను. తిరిగొచ్చిన పెద్దోడికి తన రాజ్యం ఎక్కడుందో అర్థం కాలేదు. ఆస్ట్రేలియా ఎండిన నేలల్లో ఈ పిట్టలు గుంపులుగా బతుకుతాయి, కాపు కాసేది గూటి చుట్టూ ఉన్న కొంచెం జాగానే. అక్కడ ఓడినవాడు ఎగిరిపోతాడు. నా పంజరం పొడవు రెండడుగులు, కాబట్టి ఏ మూలైనా గూటి చుట్టుపక్కలే. అందానికి చూసి ఎత్తైన పంజరం కొన్నాను, ఫించ్‌లేమో అడ్డంగా ఎగిరే పిట్టలు!

మూడు వారాలు ప్రశాంతంగా గడిచాయి. తర్వాత బుజ్జి తిండి గిన్నెలో గుడ్డు పెట్టింది. గూడు తీసేస్తే గుడ్లు మానేస్తుందని లెక్కేసింది నేను, బుజ్జి కాదు. పెద్దోడు గిన్నెకు కాపలా మొదలుపెట్టాడు, మళ్ళీ మొదటికొచ్చింది.

ఇక బతిమాలడాలు మానేసి పొడవాటి పంజరం ఇంకోటి తెచ్చాను. బుడ్డోణ్ణీ తెల్లోణ్ణీ అందులో వేసి, బుజ్జి కంటబడని చోట పెట్టాను. ఆడపిట్ట లేదు, గూడు లేదు, కొట్టుకోవడానికి కారణమూ లేదు. మూడోరోజుకే ఒకరి మెడ ఒకరు సవరించుకుంటున్నారు. బుడ్డోడి తల ఐదారు వారాల్లో నిండింది. వాళ్ళకు తోడుగా గూల్డియన్ ఫించ్‌లను వేయమని ఒకరు సలహా ఇచ్చారు. జీబ్రాల దురుసుతనం చూశాక ఆ మెతక పిట్టలను వీళ్ళ పాలు చేయబుద్ధి కాలేదు.

పెద్దోడికీ బుజ్జికీ గూడు తిరిగిచ్చాను. నాలుగు గుడ్లలో మూడు పిల్లలయ్యాయి, మూడు వారాలకు బయటికి దూకాయి. నెల దాటాక బుజ్జి మళ్ళీ గూట్లోకి గడ్డి మోయడం మొదలుపెట్టింది, మర్నాడే పెద్దోడు సొంత కొడుకు వీపు మీద ఈక పీకుతూ కనబడ్డాడు. పిల్లలు సొంతంగా గింజలు ఒలుచుకుంటున్నాయో లేదో రెండురోజులు కనిపెట్టి చూసి, ముగ్గుర్నీ మూడో పంజరంలోకి మార్చాను. వాటి ముక్కులు ఇంకా నల్లగానే ఉన్నాయి. రోజూ పొద్దున్నే వెళ్ళి చెంపలు చూసొస్తున్నాను.