సాబిల్ సరస్సుకు ఎనిమిది మందిమి: కెనూ సాధన ఇప్పటివరకు

ఆగస్టు చివరి వారంలో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం ఉత్తరాన ఉన్న బౌండరీ వాటర్స్‌కి వెళ్తున్నాం. వెయ్యికి పైగా సరస్సులున్న అడవి అది. ఒక జట్టులో 9 మందికి, 4 కెనూలకు (తెడ్లతో నడిపే సన్నని పడవలు) మించకూడదు. మేం 8 మందిమి, 4 కెనూలు. సాబిల్ సరస్సు నుంచి లోపలికి వెళ్లే పర్మిట్ జనవరి చివర్లోనే బుక్ చేశాం. నాలుగు రోజుల ప్రయాణం.

మే మూడో వారం. మినియాపొలిస్‌లోని ఒక సరస్సులో మొదటి సాధన. అద్దెకు తీసుకున్న అల్యూమినియం కెనూ గంటసేపు పాములా మెలికలు తిరిగింది. వెనక కూర్చున్నవాళ్లు తెడ్డు వేయడం పూర్తవుతుండగా పై చేతి బొటనవేలు కిందికి తిప్పి, తెడ్డును కొంచెం బయటికి నెట్టాలి. దాన్నే జె-స్ట్రోక్ అంటారు. అది పట్టుబడ్డాక పడవ తిన్నగా నడిచింది. ఇంకో సంగతి: భార్యాభర్తలను ఒకే పడవలో కూర్చోబెట్టే ఆలోచన మానుకున్నాం. బరువు, అనుభవం చూసి జతలు మార్చాం.

జూన్ చివర. పడవ తిరగబడితే ఏం చేయాలన్న సాధన. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మా వదిన గోదావరి ఒడ్డున పుట్టినా ఈత రాదు. "ఏమయ్యా, పడవ బోల్తా పడితే ముందు నన్ను పట్టుకుంటావా, పడవను పట్టుకుంటావా?" అని అడిగింది. "లైఫ్ జాకెట్ మిమ్మల్ని తేలుస్తుంది వదినా, మీరు పడవను వదలకండి చాలు" అన్నాను. మాటతో టెన్షన్ పోదు కదా. అందుకే ఒడ్డు పక్కన, నడుము లోతు నీళ్లలో కావాలనే పడ్డాం. ముందు నేను, తర్వాత ఆమె. జాకెట్ భుజాల దగ్గర పైకి జారడం అప్పుడే చూశాం. పట్టీలు బిగించి మళ్లీ పడితే సరిగ్గా నిలిచింది.

తర్వాత లోతు నీళ్లలో. బోల్తా పడిన కెనూ కొసను రెండో కెనూ మీదికి అడ్డంగా లాగి, తలకిందులుగానే ఉంచితే నీళ్లన్నీ కారిపోతాయి. అక్కడే తిప్పి మళ్లీ నీళ్లలోకి జారవిడవాలి. పక్క పడవ వాళ్లు గట్టిగా పట్టుకుంటే పడ్డవాళ్లు ఎక్కాలి. మొదటిసారి 11 నిమిషాలు, ఐదోసారి 4 నిమిషాలు పట్టింది. ఐదోసారి వదిన ఎవరూ చేయి అందించకుండానే ఎక్కింది. నాకు కళ్లు చెమర్చాయి.

జూలై. వంట. అక్కడికి టిన్నులు, గాజు సీసాలు తీసుకెళ్లకూడదు. ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మారింది, దాన్ని రెండు జిప్ కవర్లలో పెట్టాం. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి, అవి తెరవలేని గట్టి డబ్బాలు అద్దెకు తీసుకుంటున్నాం. మనిషికి రోజుకు 700 గ్రాముల లెక్కన మొత్తం 22 కిలోల పైచిలుకు. ఉప్మా రవ్వ నేతిలో వేయించి, తాలింపు కలిపి ఇంట్లోనే పొడిగా సిద్ధం చేశాం. పెసరపప్పు కిచిడీకి మాత్రం గ్యాస్ చాలా ఖర్చయింది. మళ్లీ చేసినప్పుడు పప్పు, బియ్యం మూడు గంటలు నానబెడితే తొందరగా ఉడికింది. అక్కడ మధ్యాహ్నమే మూత గట్టిగా బిగిసే డబ్బాలో నానబోసి, పడవలోనే పెట్టుకుంటాం.

ఇక మిగిలింది మోత. సరస్సుకూ సరస్సుకూ మధ్య పడవలను భుజాన మోయాలి. ఆ దారులను రాడ్లలో కొలుస్తారు, ఒక రాడ్ పదహారున్నర అడుగులు. సాబిల్ నుంచి ఆల్టన్ సరస్సుకి 30 రాడ్లే. ఆల్టన్ నుంచి బెత్ సరస్సుకి 140, అంటే 700 మీటర్లు. సామాను రెండు విడతల్లో మోస్తే, ఖాళీగా వెనక్కి రావడంతో కలిపి 2.1 కిలోమీటర్లు. అందుకే కెవ్లార్ అనే తేలికైన, గట్టి నారతో చేసిన 19 కిలోల కెనూలు మాట్లాడుకున్నాం. అయినా మా అన్నయ్య మోకాలి సంగతి నన్ను కలవరపెడుతోంది. ఆయనకు పడవ ఇవ్వం, తెడ్లు, చిన్న సంచీ మాత్రమే.

వచ్చే శనివారం సంచుల్లో బియ్యం నింపుకుని పార్కులో ఆ 2.1 కిలోమీటర్లూ నడుస్తాం. అన్నయ్య మోకాలు నొప్పి పెడితే బెత్ మానేసి, నాలుగు రోజులూ ఆల్టన్ ఒడ్డునే ఉంటాం.