12 నెలలు దాటిన లాట్లు

మంగళవారం

ఇవాళంతా ఒకటే పని. గుంటూరు కోల్డ్ స్టోరేజీ వాళ్ల అప్లికేషను ప్రాజెక్టు ఫైళ్లు ఎక్కడా లేకుండా పోయాయి, వాటిని మళ్లీ తయారు చేయడం. ఆ అప్లికేషను, మిర్చి టిక్కీలు (బస్తాలు) లోపలికొచ్చినప్పుడు లాటు నంబరు వేసి రసీదు ఇస్తుంది, బయటికెళ్లేటప్పుడు అద్దె లెక్కగట్టి బిల్లు తీస్తుంది. ఏఎస్‌పీ డాట్ నెట్ వెబ్ ఫారమ్స్‌లో రాసింది. రాసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. సర్వర్‌లో మిగిలిందల్లా పబ్లిష్ చేసిన ఫోల్డరు: ఏఎస్‌పీఎక్స్ పేజీలు, వెబ్ కాన్ఫిగ్, బిన్‌లో డీఎల్ఎల్‌లు, అంటే కంపైలైన కోడ్ ఉండే ఫైళ్లు. పబ్లిష్ కొడితే నడవడానికి కావలసినవే వెళ్తాయి కాబట్టి సోర్సు, అంటే రాసిన కోడ్ ఉండే సీషార్ప్ ఫైళ్లు, వాటిని కలిపే ప్రాజెక్టు ఫైలు సీఎస్‌ప్రోజ్ అక్కడ దొరకవు. అవి రాసినవాళ్ల కంప్యూటర్లో ఉండాలి. ఆ కంప్యూటరు ఏమైందో చెప్పేవాళ్లే లేరు.

కోల్డ్ స్టోరేజీ వాళ్లు అడిగింది బిల్లు మీద యూపీఐ క్యూఆర్ కోడ్. సోర్సు ఉంటే సాయంత్రానికి అయిపోయే పని. డబ్బులిచ్చి చేయించుకున్న సాఫ్ట్‌వేర్‌లో ఒక్క గీత మార్చుకోవడానికి కూడా వీల్లేకపోవడం నాకు న్యాయంగా అనిపించదు. సోర్సు అప్పగించకుండా ఆఖరి బిల్లు తీసుకోకూడదని నా నమ్మకం. అందుకే ఫైళ్లు పూర్తిగా నిలబెట్టి, ఒక కాపీ వాళ్ల చేతిలో పెట్టాకే క్యూఆర్ సంగతి చూస్తానని ముందే చెప్పాను.

పొద్దున డీఎల్ఎల్‌ని ఐఎల్‌స్పైలో తెరిచాను, అది కంపైలైన ఫైల్లోంచి కోడ్‌ని తిరిగి తీసే టూలు. ప్రాజెక్టుగా సేవ్ చేస్తే కోడైతే వచ్చేస్తుంది కానీ నేమ్‌స్పేస్ ప్రకారం ఫోల్డర్లు వేసి పడేస్తుంది, పేజీల పక్కన పెట్టదు. ఏ క్లాసు ఏ పేజీదో తేల్చేది ఏఎస్‌పీఎక్స్‌లో మొదటి లైను. అక్కడ కోడ్‌బిహైండ్ అన్నచోట పాత ఫైలు పేరు, ఇన్‌హెరిట్స్ అన్నచోట క్లాసు పేరు పూర్తిగా ఉంటాయి. ఆ రెండూ చూసుకుంటూ ఒక్కో ఫైలునీ దాని పేజీ పక్కకు చేర్చాను. సీఎస్‌ప్రోజ్ మాత్రం చేత్తోనే రాశాను. ఏ రకం ప్రాజెక్టో చెప్పే గుర్తింపు నంబరు, 349సీ5851తో మొదలయ్యే ప్రాజెక్టు టైప్ జీయూఐడీ, అందులో లేకపోతే విజువల్ స్టూడియో దీన్ని మామూలు లైబ్రరీ అనుకుంటుంది, వెబ్ ప్రాజెక్టుగా తీసుకోదు. ఏ ఫ్రేమ్‌వర్కు మీద బిల్డ్ చేశారో డీఎల్ఎల్‌లోని టార్గెట్ ఫ్రేమ్‌వర్క్ యాట్రిబ్యూటే చెప్పేసింది: 4.5.

ఎక్కువసేపు పట్టింది డిజైనర్ ఫైళ్ల దగ్గర. పేజీలో ఉన్న ప్రతి టెక్స్ట్‌బాక్సుకీ, బటన్‌కీ ఒక ఫీల్డు ఉండాలి. అసలు ప్రాజెక్టులో అవి డిజైనర్ ఫైల్లో విడిగా ఉంటాయి. కంపైల్ అయ్యాక రెండు ముక్కలూ ఒకే క్లాసులో కలిసిపోతాయి కాబట్టి ఐఎల్‌స్పై అన్నిటినీ ఒకేచోట చూపిస్తుంది. విజువల్ స్టూడియోలో కన్వర్ట్ టు వెబ్ అప్లికేషన్ నొక్కితే పేజీని చూసి కొత్త డిజైనర్ ఫైలు పుడుతుంది. కాబట్టి ముందు ప్రతి క్లాసులోంచీ ఆ ఫీల్డులు తీసేసి, తర్వాత కన్వర్ట్ చేశాను. విసుగు పుట్టించే పనే అయినా మధ్యాహ్నం భోజనాల వేళకు బిల్డ్ సక్సీడెడ్ అని వచ్చింది.

మధ్యలో ఒకటి చూసి మాత్రం ప్రాణం లేచొచ్చింది. డీఎల్ఎల్‌లో స్ట్రింగులు యూటీఎఫ్-16లో ఉంటాయి, అందుకని తెలుగు మెసేజీలు ఒక్క ఒత్తు కూడా పోకుండా బయటికొచ్చాయి. ‘లాటు నంబరు వేయకుండా రసీదు రాదు’, ‘టిక్కీల లెక్క మరోసారి చూడండి’. ఎవరు రాశారో గానీ గేటు దగ్గర రసీదులు రాసే కుర్రాడికి అర్థమవ్వాలని రాశారు. ఆ మనిషి మీద గౌరవం కలిగింది.

కామెంట్లు మాత్రం రావు. కంపైలర్ వాటిని డీఎల్ఎల్‌లోకి తీసుకెళ్లదు. డీబగ్గింగ్ వివరాలుండే పీడీబీ ఫైలు లేకపోతే లోకల్ వేరియబుల్ పేర్లూ రావు, కాన్‌స్టంట్లు వాడిన చోట పేర్లు పోయి విలువలే మిగులుతాయి. అద్దె లెక్కకట్టే మెథడ్‌లో నాకు దొరికింది ఇది: నమ్3 విలువ 12 దాటితే నమ్5ని 2తో భాగించు. ఈ నమ్3, నమ్5 ఐఎల్‌స్పై తనంతట తాను పెట్టిన పేర్లు. నమ్3 అంటే నెలలని పై లైన్లు చూస్తే తెలుస్తోంది. సగం ఎందుకో కోడ్ చెప్పదు. ఏదో టెస్టింగ్ కోసం పెట్టి తీయడం మరిచిపోయిన లైనులాగే కనిపించింది.

అక్కడ అకౌంట్లు చూసే ఆయనకు ఫోన్ చేశాను.

“12 నెలలు దాటిన లాటుకి అద్దె సగమే పడుతోందండీ. ఇది కరెక్టేనా?”

“కరెక్టేనమ్మా. ఏడాది దాటినా అమ్మలేదంటే ఆ రైతు రేటు లేక ఆగినట్టు. కాయ రంగు కూడా తగ్గుద్ది గదా. ఆపైన మనం కూడా పూర్తి అద్దె గుంజితే వాడేం మిగుల్చుకుంటాడు? పెద్దాయన ఉన్నప్పుడు పెట్టిన పద్ధతి. దాన్ని మాత్రం తియ్యబాక.”

ఫోన్ పెట్టేశాక ఆ షరతు మీద ఆయన చెప్పిందంతా తెలుగులోనే కామెంటుగా రాశాను. నమ్3ని నిల్వనెలలు అని, నమ్5ని అద్దె అని మార్చాను, ఇంగ్లిష్ లిపిలోనే అయినా. ఇంకెవరైనా ఈ ప్రాజెక్టు తీసుకుని, పనికిరాని లైనని దీన్ని కొట్టేస్తే ఆ భారం ఏ దుగ్గిరాల రైతు మీదో పడుతుంది. అతనికి ఆ సంగతి తెలిసే దారి కూడా ఉండదు.

సాయంత్రం పోయిన సీజను బిల్లుల్ని పాత డీఎల్ఎల్‌తోనూ కొత్తదానితోనూ నడిపించి పక్కపక్కన పెట్టి చూశాను. పైసలతో సహా కలిశాయి. విడి డెలివరీలు, అంటే ఒకే లాటులోంచి కొన్ని టిక్కీలు ముందు, కొన్ని తర్వాత తీసుకెళ్లినవి, వాటిమీద నాకు అనుమానం ఉండేది. అవీ సరిపోయాయి. మొత్తం గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే చోట) పెట్టి, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ సిద్ధం చేశాను.

తేలనిది ఒకటుంది. తాలు కాయల లాట్లకు హమాలీ విడిగా లెక్కేసే ఒక ఫ్లాగ్, అంటే ట్రూ, ఫాల్స్ రెండే విలువలుండే వేరియబుల్. అదెప్పుడు ట్రూ అవుతుందో కోడ్‌లో కనిపిస్తోంది, ఎందుకో మాత్రం అకౌంట్లు చూసే ఆయనకూ గుర్తులేదు. “ఓనరుగారబ్బాయికి తెలిసుంటది, పొద్దున యార్డులో ఉంటాడు, పదకొండు దాటాక చెయ్యమ్మా” అన్నారు. అది అడిగేదాకా ఆ లైను ముట్టుకోను. క్యూఆర్ కోడ్ ఎల్లుండికి.