ఆ బీచ్ అంత ప్రశాంతంగా ఎందుకుంది?

"అక్కడ జనమే ఉండరు, ఎంత ప్రశాంతంగా ఉంటుందో" అని ఎవరైనా ఒక బీచ్ గురించి చెప్తే చాలు, మా ఇంట్లో అందరూ బ్యాగులు సర్దే మూడ్‌లోకి వెళ్లిపోతారు. నాకు మాత్రం ముందు వచ్చే అనుమానం ఒకటే, ఎందుకు ఉండరు? దారి దూరమనా, గదులు తక్కువనా, సీజన్ కాదనా, లేక అక్కడ నీళ్లలో దిగడం మంచిది కాదని చుట్టుపక్కల వాళ్లందరికీ తెలుసు కాబట్టా? మొదటి మూడిట్లో ఏదైనా అయితే మన అదృష్టం. నాలుగోదైతే మాత్రం పిల్లల్ని వెంటేసుకుని అంత దూరం వెళ్లి, రెండు రోజులూ "అటు వెళ్లొద్దు, ఇటు రా" అని అరుస్తూ గడపాలి.

ఈ సంగతి తెలుసుకోవడానికి గది వాళ్లకి ఫోన్ చేసి "సేఫేనా అండీ" అని అడిగితే ప్రయోజనం ఉండదు, ఎవరైనా సేఫే అంటారు. "పిల్లలు ఏ పక్కన దిగుతారు, ఏ టైమ్‌లో దిగుతారు, మీ పిల్లలైతే ఈ నెలలో దిగనిస్తారా?" అని అడగండి. అప్పుడు అవతలి మనిషి ఒక్క క్షణం ఆగి నిజం చెప్తారు. రివ్యూలు చదివినా స్టార్లు కాదు, మనం వెళ్లే నెలలో వెళ్లొచ్చినవాళ్లు ఏం రాశారో చూడాలి. ఒకే బీచ్ ఒక సీజన్‌లో చెరువులా ఉండి ఇంకో సీజన్‌లో మనిషిని నిలబడనివ్వదు.

ఇక గది. సముద్రం కనిపించే గది కోసం ఎక్కువ డబ్బు పెట్టడం నాకైతే దండగ అనిపిస్తుంది. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా ఎండలో అతినీలలోహిత కిరణాల జోరు ఎక్కువ, ఆ టైమంతా పిల్లల్ని ఇసుకలో ఉంచకపోవడమే మంచిది. అంటే పగలు సగం గదిలోనే గడుస్తుంది. కాబట్టి చూడాల్సింది నీడగా ఉండే వరండా ఉందా, ఫ్యాన్ గట్టిగా తిరుగుతుందా, ఒడ్డుకి నడిచి వెళ్లొచ్చా అనేవి. ఈ నడక విషయంలో మొహమాటం లేకుండా అడగాలి, ఎందుకంటే ప్రకటనలో అయిదు నిమిషాలు అని రాసేది ఖాళీ చేతులతో నడిచే పెద్దమనిషి లెక్క. ఒకడు టోపీ మర్చిపోయి వెనక్కి పరిగెడతాడు, ఇంకొకరికి సరిగ్గా నీళ్ల దగ్గరికి వచ్చాకే బాత్రూమ్ గుర్తొస్తుంది.

తేదీలు పెట్టుకునేముందు చాలామంది చూడనిది ఆటుపోట్ల పట్టిక. చాలా తీరాల్లో సముద్రం రోజుకి రెండుసార్లు పోటెత్తుతుంది, రెండుసార్లు తగ్గుతుంది, ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు, అందుకే రోజూ ఆ టైమ్ ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్యకీ పున్నమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలోకి వస్తాయి కాబట్టి ఆ రోజుల్లో, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ పోటు బాగా ఎక్కువ. వెన్నెల్లో సముద్రం చూడాలని పున్నమికే వెళ్లేవాళ్లుంటారు, వెళ్లండి, కాకపోతే చిన్న బీచ్ అయితే పోటు టైమ్‌కి ఇసుకంతా మునిగిపోయి కూర్చోడానికి రాళ్లే మిగలొచ్చు. నీళ్లు తగ్గాక బయటపడే తడి ఇసుక గట్టిగా ఉంటుంది, పెద్దవాళ్లకి అంతగా శ్రమ లేకుండా నడవడానికి అదే బాగుంటుంది. అమ్మకి పొడి ఇసుకలో పది అడుగులు వేస్తేనే ఆయాసం, తడి ఇసుక మీద మాత్రం మాకంటే ముందు ఉంటుంది.

వెళ్లగానే నీళ్లలోకి దూకకుండా ఒక పది నిమిషాలు కాస్త ఎత్తుగా ఉన్న చోట నిలబడి అలల్ని చూడండి, ఇది నేను ఎంతమందికి చెప్పినా నవ్వుతారు. అలలన్నీ తెల్లగా నురగ కక్కుతూ విరుగుతున్న చోట, మధ్యలో ఒక పాయ మాత్రం విరగకుండా, కొంచెం ముదురు రంగులో, పైకి నున్నగా కనిపిస్తుంది. కొన్నిసార్లు అందులో నురగ, చెత్త ఒడ్డుకి కాకుండా లోపలికి పోతుంటాయి. అదే రిప్ కరెంట్. అలలు ఒడ్డుకి తోసిన నీళ్లు తిరిగి వెళ్లాలి కదా, నీటి కింద ఉన్న ఇసుక దిబ్బల మధ్య ఎక్కడ లోతుగా సందు దొరికితే అక్కణ్ణుంచి వేగంగా వెళ్లిపోతాయి. లోతు ఎక్కువ కాబట్టి అక్కడ అల విరగదు, అల విరగదు కాబట్టి "ఇక్కడ బాగుంది, ప్రశాంతంగా ఉంది" అని పిల్లల్ని తీసుకుని సరిగ్గా అక్కడే దిగుతారు! కొన్ని చోట్ల దీని వేగం సెకనుకి 2 మీటర్లకి పైగా కొలిచారు, ఒలింపిక్స్‌లో 100 మీటర్లు ఈదేవాళ్ల వేగం కూడా ఇంచుమించు అంతే. ఇది మనిషిని కిందికి లాగదు, ఒడ్డు నుంచి దూరంగా తీసుకుపోతుంది. అందులో చిక్కుకుంటే దానికి ఎదురీదకూడదు, తేలుతూ చెయ్యెత్తి పిలవాలి, ఓపిక ఉంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ పాయలోంచి బయటపడాలి.

లైఫ్‌గార్డులు ఉన్న బీచ్ అయితే చాలా దేశాల్లో ఎరుపు, పసుపు రంగుల జెండాల మధ్యే దిగాలి, ఊదా రంగు జెండా ఎగురుతుంటే నీళ్లలో జెల్లీఫిష్ లాంటివి ఉన్నాయని అర్థం. ప్రశాంతమైన బీచ్‌ల్లో సాధారణంగా ఈ జెండాలూ ఉండవు, ఊదడానికి విజిలూ ఉండదు. అంటే లైఫ్‌గార్డు మనమే. ఇక్కడ పెద్దవాళ్లు ఎంత ఎక్కువమంది ఉంటే అంత టెన్షన్ నాకు, ఎందుకంటే ప్రతి ఒక్కరూ పక్కవాళ్లు చూస్తున్నారులే అనుకుంటారు. అందుకే మేం వంతులు వేసుకుంటాం, వంతులో ఉన్నవాళ్లు ఫోన్ ముట్టుకోకూడదు, చిన్నవాళ్లకి చెయ్యి అందేంత దూరంలోనే నిలబడాలి. మునిగిపోయే పిల్లలు సినిమాల్లోలా కేకలు వెయ్యరు, చాలాసార్లు చప్పుడే ఉండదు.

గాలి నింపే బొమ్మల గురించి కూడా చెప్పాలి. గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తున్నప్పుడు ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా కనిపిస్తాయి, కానీ ట్యూబ్ మీద కూర్చున్న పిల్లాడు మనం చూస్తుండగానే లోపలికి జారిపోతుంటాడు. మా ఇంట్లో ఆ ట్యూబులు స్విమ్మింగ్‌పూల్‌కే, ఈ విషయంలో ఎంత ఏడ్చినా వినను.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. దగ్గర్లోని ఆసుపత్రి ఎంత దూరమో ముందే చూసుకోండి, ఆ ప్రాంతం మ్యాప్ ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, కొంచెం నగదు ఉంచుకోండి. సన్‌స్క్రీన్ కనీసం ఎస్‌పీఎఫ్ 30 ఉండాలి, ప్రతి రెండు గంటలకీ, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాయాలి, ఆరు నెలల్లోపు పసివాళ్లని నీడలోనే ఉంచాలి. ఇంకా ఒక పౌడర్ డబ్బా. కాళ్లకి అంటుకున్న ఇసుక మీద పౌడర్ చల్లి రుద్దితే తడి పీల్చుకుని ఇసుక గలగలా రాలిపోతుంది, మంచం మీద దుప్పట్లు దులిపే పని తప్పుతుంది.

మా లిస్టులో ఇప్పుడు రెండు చోట్లు మిగిలాయి. ఒకదాంట్లో గది గుమ్మం దిగితే ఇసుక, కానీ ఒడ్డు బాగా ఏటవాలుగా ఉంది, అలాంటి చోట అల సరిగ్గా ఒడ్డు మీదే విరిగి మనిషిని ఎత్తి పడేస్తుంది. ఇంకోదాంట్లో దూరం దాకా మోకాలి లోతు నీళ్లే, గది మాత్రం బాగా వెనక్కి ఉంది. పిల్లలు మొదటిదానికే ఓటేశారు. నేను రెండోదాని వాళ్లకి ఫోన్ చేసి, ఇప్పుడు క్యాన్సిల్ చేస్తే డబ్బు ఎంత వెనక్కిస్తారో, వాతావరణం బాగోక రాలేకపోతే తేదీ మారుస్తారో లేదో కనుక్కుంటున్నాను. ఓట్లు లెక్కపెట్టడం ఆ తర్వాత.