"ఎవరైనా అడ్రినలిన్ ఇవ్వండి!"

సిమ్యులేషన్ ల్యాబ్‌లో బొమ్మ పేషెంట్‌కి గుండె ఆగింది. టీమ్ లీడర్‌గా ఉన్న మెడికల్ స్టూడెంట్ "ఎవరైనా అడ్రినలిన్ ఇవ్వండి!" అని అరిచాడు. ఇద్దరు నర్సింగ్ అమ్మాయిలు చెరో వైపు నుంచి చెరో మిల్లీగ్రాము ఇచ్చేశారు, ఇచ్చామని మాత్రం ఇద్దరూ అనలేదు. నిమిషం తర్వాత అతనే "ఇంతకీ ఇచ్చారా లేదా?" అని అడిగితే అందరూ మొహమొహాలు చూసుకున్నారు. మూడో డోసు కూడా పడేదే, నేను ఆపేశాను.

ఇందులో నాకు సిగ్గేసిన సంగతి ఏంటంటే, ముందురోజే వీళ్ళకి క్లోజ్డ్ లూప్ గురించి గంటసేపు క్లాసు చెప్పాను. పేరు పెట్టి చెప్పాలి, విన్నవాళ్ళు తిరిగి చెప్పాలి, పనయ్యాక అయిందని చెప్పాలి. పరీక్షలో అడిగితే అందరికీ ఫుల్ మార్కులే. రాయడం వేరు, చేతులు వణుకుతున్నప్పుడు నోరు పెగలడం వేరు.

ఎస్‌బార్ కూడా అంతే. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో పుట్టి, 2000ల మొదట్లో ఆసుపత్రుల్లోకి వచ్చిన, పేషెంట్ సంగతి ఇంకొకరికి క్లుప్తంగా చెప్పే పద్ధతి: ఇప్పుడేం జరుగుతోంది, వెనక కథేంటి, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి. మొదటి మూడూ పిల్లలు గడగడా చెప్పేస్తారు. "బీపీ 80/50 ఉంది సార్, చెమటలు పడుతున్నాయి, నాకు భయంగా ఉంది సార్" అని ఆగిపోతారు. "మీరు వెంటనే వచ్చి చూడాలి" అన్న ఆఖరి మాట మాత్రం గొంతులోనే ఉండిపోతుంది, పెద్దవాళ్ళకి పని చెప్పినట్టవుతుందని. ఫోన్లో చిరాకుపడే సీనియర్ వేషం నాదే కాబట్టి (ఇది నాకు మరీ ఎక్కువ నటన అక్కర్లేని పాత్ర అని ఇంట్లోవాళ్ళు అంటారు) ఆ మౌనం ఎంతసేపుంటుందో నాకు బాగా తెలుసు.

చాలాకాలం నేను కూడా "జూనియర్లకి ధైర్యం నేర్పితే చాలు" అనే అనుకున్నాను. 2005లో ఇంగ్లండ్‌లో జరిగిన ఒక కేసు చదివాక ఆ నమ్మకం పోయింది. సైనస్ ఆపరేషన్‌కని వచ్చిన ఆవిడకి మత్తిచ్చాక ఊపిరి అందలేదు. ఒక నర్సు గొంతు దగ్గర కోసి ఊపిరికి దారి చేసే ట్రేకియాస్టమీ సెట్ తెచ్చి రెడీగా ఉందని చెప్పింది, ఇంకో నర్సు ఐసీయూలో బెడ్ చూసి పెట్టింది. అనుభవమున్న డాక్టర్లు మాత్రం నోటి నుంచి ఊపిరి ట్యూబు వేసే ప్రయత్నంలోనే ఉండిపోయారు. 13 రోజులకి ఆవిడ చనిపోయింది. అక్కడ ఏం చేయాలో నర్సులకి తోచింది, ఒకరు నోరు తెరిచి చెప్పారు కూడా, కానీ అది ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆ కంగారులో నేనున్నా నాకూ వినపడేది కాదేమో.

అందుకే ఇప్పుడు వినడానికి కూడా మార్కులు వేస్తున్నాను. లీడర్ మధ్యమధ్యలో ఆగి "నేనేమైనా మర్చిపోతున్నానా?" అని అడిగాడా లేదా, ఎవరైనా మాట్లాడితే తల తిప్పాడా లేదా, ఇవే చూస్తాను. సీన్ పది నిమిషాలైతే తర్వాత కూర్చుని మాట్లాడుకోవడం అరగంట, అసలు చదువంతా అక్కడే. ఇంకా, మెడికల్, నర్సింగ్, ఫార్మసీ వాళ్ళని ఒకే గదిలో కలిపి నేర్పాలి, విడివిడిగా నేర్పితే లాభం లేదు. దీనికి అసలు అడ్డంకి సిద్ధాంతం కాదు, టైమ్‌టేబుల్. మూడు కోర్సులకీ ఒకే మధ్యాహ్నం ఖాళీ దొరకబుచ్చుకోవడానికి నేను పడ్డ తిప్పలు ఇంకో పోస్టుకి సరిపోతాయి.

మొన్న పాత్రలు మార్చి ఆడించాను. ఆ అడ్రినలిన్ అబ్బాయి నర్సు, ఒక నర్సింగ్ అమ్మాయి లీడర్. అయిపోయాక అతను కుర్చీలో కూర్చుంటూనే కోపంగా అన్నాడు: "పల్స్ లేదని మూడుసార్లు చెప్పాను సార్, లీడర్ అసలు నావైపు చూడను కూడా చూడలేదు!"

వెనకాల కూర్చున్న నర్సింగ్ అమ్మాయిలు నవ్వాపుకోలేకపోయారు.