పద్దెనిమిది వేలు మిగిలించాననుకున్నాను

2020 ఆగస్టు వానలకు మా హన్మకొండ ఇంటి స్లాబ్ మొదటిసారి కారింది. మేస్త్రి పైకెక్కి చూసి, "పగుళ్లు నింపి వాటర్‌ప్రూఫింగ్ చేస్తే 18 వేలయితయి సార్, ఇప్పుడే చేయించుకోండ్రి" అన్నాడు. నేను ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమస్తాను. ఆ ఏడు లాక్‌డౌన్‌లో రెండు నెలలు సగం జీతమే చేతికొచ్చింది. ఆ భయం ఇంకా పోలేదు. చుక్క పడేచోట బకెట్ పెట్టి, ఆ 18 వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశాను. ఐదున్నర శాతం వడ్డీ.

2023 జులై చివరి వారం ఇక్కడెవరూ మర్చిపోరు. నయీంనగర్ నాలా పొంగి కాలనీలు మునిగాయి. మా ఇంటికి మాత్రం నీళ్లు పైనుంచే వచ్చాయి. బీరువా పైన స్లాబ్ పెచ్చులూడి, లోపలి చువ్వలు బయటపడ్డాయి. మేస్త్రి ఒక చువ్వను గోటితో గీకి, వేలికంటిన తుప్పు నాకు చూపించాడు. ఒక్క మాట అనలేదు. బిల్లు 74 వేలు. మూడేళ్లలో డిపాజిట్ మీద వచ్చిన వడ్డీ మూడు వేల చిల్లర. ఊరందరి లెక్కలు రాసేవాడి సొంత పద్దు ఇదీ!

"నువ్వు పొదుపు చెయ్యలే, స్లాబ్ దగ్గర అప్పు చేసినవ్" అంది మా ఆవిడ.

ఆ మాట నాకు నాలా విషయంలోనూ గుర్తొస్తుంది. అది 2020లోనూ ముంచింది. పాత వంతెన పడగొట్టి కొత్తది కట్టింది 2024లో. రాష్ట్రాల ద్రవ్య లోటు, అంటే రాబడికి మించిన ఖర్చు కోసం ఏడాదిలో చేసే అప్పు, మామూలుగా జీఎస్‌డీపీలో (రాష్ట్రంలో ఏడాది మొత్తం ఉత్పత్తి విలువలో) 3 శాతం దాటకూడదంటారు. మంచి నియమమే, పగ్గం లేకపోతే ఏ ప్రభుత్వమైనా అప్పులు చేస్తూనే పోతుంది. కానీ ఆ లెక్కలో తెచ్చిన అప్పు కనిపిస్తుంది, బాగుచేయని కాలువ కనిపించదు. నా పాస్‌బుక్‌లో తుప్పు కనిపించనట్టే.

ఇంకోటి. 2020లో యార్డులో నేను రోజూ తాగే రెండు చాయ్‌లు మానేశాను. నాలాగే అందరూ మానేశారు. చాయ్ అమ్మే ఆయన పనికి పెట్టుకున్న పిల్లాణ్ని తీసేశాడు. ఆ మార్చి జీతాల్లో రాష్ట్ర ప్రభుత్వమూ ఉద్యోగులకు సగం వాయిదా వేసింది, మా పక్కింటి లెక్చరర్ కూడా గుప్పిట బిగించాడు. రాష్ట్రానికి నోట్లు అచ్చు వేసుకునే వీలు లేదు కదా. తర్వాత కేంద్రం ఆ 3 శాతాన్ని ఆ ఏడాదికి 5 దాకా పెంచింది, అందులో కొంత షరతుల మీద. జనమంతా జేబులు మూసుకున్నప్పుడు ప్రభుత్వమైనా తెరవాలి. అప్పు చేసైనా సరే.

మరి మంచిరోజుల్లో? అక్కడే మనకూ సర్కారుకూ చేతకాదు. 2022లో తామర పురుగు దెబ్బకు పంట తగ్గి, మా యార్డులో దేశీ మిర్చి క్వింటాల్ 50 వేలు దాటింది. పంట దక్కిన రైతులు కొందరు ఆ వారంలోనే కార్ల షోరూంకి పోయారు. ఒకాయన మాత్రం చిట్టా తీసుకుని, పాత బాకీ కట్టి, మిగిలింది "బోరుకు" అని విడిగా కట్టుకున్నాడు. తర్వాత ధర పడినప్పుడు ఎవరి ముఖం ఎలా ఉందో కౌంటర్ వెనక కూర్చుని చూశాను. ప్రభుత్వాలూ అంతే, రాబడి బాగున్న ఏడు కొత్త పథకం ప్రకటిస్తాయి. దాన్ని తర్వాతెవరూ ఆపలేరు.

మొన్న రెండు లక్షల చిట్టి పాడాం. పాటలో 22 వేలు పోయాయి. పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గిందిగా, కొందామంటుంది మా ఆవిడ. బాత్‌రూం పైపు దగ్గర గోడ చెమ్మగిల్లుతోంది, ముందు అది అంటాను నేను. చివరికి టీవీ సైజు 55 నుంచి 43కి దిగింది. మేస్త్రి ఆదివారం వస్తానన్నాడు.